చలిదేశమున వంగనారు

మన పాఠశాలలో చదివి ఇప్పుడు ఇంగ్లండు ఉత్తరభాగమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు రెండు సంవత్సరముల క్రిందట నాకొక ఉత్తరము వ్రాసెను. అతడు ఏప్రిలు నెలాఖరున కుండీలలో వంగవిత్తనములు చల్లి పెరటిలో నుంచెనట. నెల దినములకు గాని మొలకలు కానరాలేదు. మూడు మొక్కలు మాత్రము నిలిచి, ఆగస్టునకు మోకాలెత్తు పెరిగి, సెప్టెంబరున పూచెను. పూత చాలవరకు రాలిపోయెను. ఒక్క పిందె నిలిచి నిమ్మకాయంత యగునప్పటికి మంచు కురిసి, ఒక్క రాత్రిలో మొక్కలన్నియు నల్లబడెను. "మాస్టరుగారూ, ఈ నేలలో వంగ పండదు. అంగడిలో కొనుక్కొనుటయే మేలు" అని అతడు ముగించెను.

ఆ తీర్పు సరియైనది కాదని నా యభిప్రాయము. లోపము నేలలో లేదు, లెక్కలో నున్నది. ఆ లెక్క యెట్టిదో మన విద్యార్థులును, బిడ్డలను శీతదేశములకు పంపిన తల్లిదండ్రులును తెలిసికొనుట మంచిదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇట్టి నిరాశ క్రొత్తది కాదు. జాన్ జెరార్డు అను ఆంగ్లేయుడు 1597లో ప్రకటించిన ఓషధిగ్రంథమున, లండను తోటలలో వంగను పెంచిన సంగతి వ్రాసియున్నాడు. మొక్క పూచెను గాని, కాయ ముదురకమునుపే శీతకాలము వచ్చి దానిని చంపెను. చలి తక్కువగా నున్న ఒక యేట మాత్రము పెద్దబాతు గ్రుడ్డంత కాయ కాచెనట, అదియు పూర్తిగా పండలేదు. మన పూర్వవిద్యార్థి కథయు నించుమించుగా నిదియే. అయితే జెరార్డు కాలమున లేని సాధనములు నేడు సామాన్యుని యింటిలో గలవు. అందుచేత నాడు సమంజసమైన నిరాశ నేడు సమంజసము కాదు.

వంగకు కావలసిన దేమి? మొలకకు మంటికి 21 మొదలు 30 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి కావలెను. మొలచిన పిమ్మట మంచి వెలుతురు కావలెను. రాత్రి వేడిమి 15 డిగ్రీలకు తగ్గినచో పెరుగుదల మందగించును, పూత నిలువదు. మంచు తగిలినచో మొక్క చచ్చును. మన కృష్ణాతీరమున ఇవన్నియు అడుగకయే లభించును. ఇచ్చట మిక్కిలి చిన్న పగలు సుమారు 11 గంటలు, పెద్ద పగలు సుమారు 13 గంటలు. ఉత్తర ఇంగ్లండున డిసెంబరులో పగలు 7, 8 గంటలు మాత్రమే. జూనులో 17 గంటలు. వెలుతురు సమృద్ధిగా నున్న మాసములు అచ్చట కొలదియే. ఆ కొలది మాసములలోనే మొక్క పూచి కాయవలెను.

కాబట్టి అచ్చట లెక్కను వెనుకనుండి కట్టవలెను. విత్తినది మొదలు కాయ కోయువరకు అచ్చట సుమారు ఐదు నెలలు, ఒక్కొక్కప్పు డంతకంటె నెక్కువయు పట్టును. ఏప్రిలు చివర విత్తినచో సెప్టెంబరు దాటును. అప్పటికి రాత్రులు చల్లబడును. ఫిబ్రవరిలో విత్తినచో ఆగస్టునకే కాయ చేతికి వచ్చును. కాని ఫిబ్రవరిలో బయట మంచు. నారు పోసినవాడు నీరు పోయడా యని మనలో సామెత గలదు. చలిదేశమున నారు పోసినవాడు నీరే గాక వేడిని, వెలుతురును గూడ పోయవలెను. భేద మంతయు నిదియే.

చేయవలసిన పని కష్టమైనది కాదు. చిన్న కుండీలో మెత్తని తడి యెరువుమన్ను నింపి, అర సెంటీమీటరు లోతున విత్తనము నాటి, పైన గాజుమూత యుంచి, ఇంటిలో ఎల్లప్పుడు వెచ్చగా నుండు తావున పెట్టవలెను. ఇందుకై విద్యుచ్ఛక్తితో వేడెక్కు చిన్న పెట్టెలును అచ్చట అమ్ముదురు. వేడి సరిపోయినచో ఒకటి రెండు వారములలో మొలకెత్తును. మొలక తల యెత్తిన దినముననే దానిని వెలుతురునకు మార్చవలెను. ఆలస్యము చేసినచో నారు సన్నగా సాగి పాలిపోయి వ్రాలిపోవును. కిటికీ వెలుతురు చాలనిచో దీపము నమర్చవలెను. నీరు మితముగా పోయవలెను. చలిలో మన్ను చిత్తడియైనచో నారుకుళ్లు తెగులు పుట్టును. వేళ్లు నిండిన కొలది పెద్ద కుండీలలోనికి మార్చుచు, మే నెలాఖరున గాని జూను మొదట గాని మంచుభయము తీరిన పిమ్మట అద్దాలయింటిలో నిలుపవలెను. అది లేనివారు దక్షిణపు గోడ ప్రక్కన గాలి తగులని చోట పైకప్పుతో నుంచవచ్చును.

మొక్క అడుగెత్తు కాగానే తల త్రుంచవలెను. పెద్దకాయ జాతియైనచో ఐదారు కాయలకంటె నెక్కువ నిలుపరాదు. మన రైతున కిది వింతగా తోచును. కాని అచ్చటి వేసవి చిన్నది. ఇరువది పిందెలను ఆశించినవానికి ఒక్కటియు ముదురదు. పూవులోని పుప్పొడి తిత్తుల కొనలయందలి సన్నని రంధ్రములనుండి రాలును. తుమ్మెద పూవును పట్టుకొని రెక్కలదర, పుప్పొడి జారును. మూసిన అద్దాలయింటిలోనికి తుమ్మెద రాదు. కాబట్టి పగలు తలుపు తెరచి యుంచవలెను, లేదా వ్రేలితో పూవును మెల్లగా తట్టవలెను. లోపల గాలి పొడిగా నున్నచో ఎర్రనల్లి పట్టును. ఆకులపై నీరు చిలుకరించుట మంచిది. కాయ నిగనిగలాడుచుండగనే కోయవలెను.

"ఇంత శ్రమయేల? అంగడిలో దొరకును గదా!" యని కొందరందురు. ఇంట నాలుగు కాయలకై పడు శ్రమకు వెల కట్టినచో అంగడి కాయయే చౌక యనుట నిజమే. పని తీరిక లేనివారు వసంతమున నారుమొక్కను కొని పెంచుకొన్నను తప్పు లేదు. కాని పరదేశమున పెరుగు మన పిల్లలు వంకాయను పళ్లెములో మాత్రమే చూచినచో, అన్న మెచ్చటినుండి వచ్చునో వారికి తెలియదు. గింజను తన చేత నాటి, రెండు వారములు కనిపెట్టి చూచిన బిడ్డకు ఆ జ్ఞానము పుస్తకము లేకయే కలుగును. ఇది వెలకు లొంగని లాభము.

తల్లిదండ్రులకు మరియొక మనవి. పచ్చళ్ల పొట్లములతోపాటు మన యూరి వంగవిత్తనములను బిడ్డలకు పంపకుడు. సస్యారోగ్య ధ్రువపత్రము లేనిదే విత్తనములను రానీయని దేశము లనేకము గలవు. విత్తనము వెంట తెగులు ప్రయాణము చేయుననియే ఆ కట్టుబాటు. మరియు మన జాతులు దీర్ఘమైన వెచ్చని కాలమునకు అలవాటు పడినవి. బ్రిటనులో త్వరగా కాచు బోనికా, మనీమేకర్ వంటి జాతుల విత్తనములు అమ్ముదురు. గుత్తివంకాయ కూరపై మనసైనవారికి, కుండీలో గుత్తులుగా చిన్న కాయలు కాచు ఒఫీలియా యను జాతి తగును.

ఆ పూర్వవిద్యార్థికి నేనిదంతయు వ్రాసితిని. గత సంవత్సరము అతడు ఫిబ్రవరిలో నారు పోసెను. ఒక మొక్కను ఎర్రనల్లి తినెను. మిగిలిన రెండింటికి ఏడు కాయలు కాచెను. ఎక్కువ యని చెప్పను. కాని "ఈ నేలలో పండదు" అన్న వాక్యమును ఆ యేడు కాయలు కొట్టివేసినవి.

అతని ఉత్తరము చదివినప్పుడు నాకు నా తరగతి జ్ఞాపకము వచ్చెను. లెక్కలు రాని బాలుని గూర్చి "వీని తలకెక్కదు" అని నేనును తీర్పు చెప్పిన దినములు గలవు. వానికి తగిన వేడిని, వెలుతురును ముందుగా నిచ్చితినా యని నన్ను నేను ప్రశ్నించుకొనలేదు. విద్యార్థులారా, మీరును మీ లోపమును నేలపై త్రోయకుడు. పని చెడినప్పుడు విత్తిన తేది యేదో, ఇచ్చిన వేడి యెంతో, చూచిన దేమో వ్రాసియుంచుకొనుడు. వచ్చు సంవత్సరము ఆ కాగితమును చూచుకొని రెండు నెలలు ముందుగా నారు పోయుడు.