మంచులో పురుగు, మానుకోట పత్తిలో పురుగు

అంటార్కిటికాలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పుట్టని పురుగు ఒకటే ఒకటుంది. పేరు బెల్జికా అంటార్కిటికా. దోమకి దూరపు చుట్టం, కానీ కుట్టదు. ఆరు మిల్లీమీటర్లు దాటదు, రెక్కల్లేవు. అక్కడి గాలికి రెక్కలుంటే సముద్రంలోకి కొట్టుకుపోతుంది కాబట్టి లేకపోవడమే మేలయిందని శాస్త్రజ్ఞుల ఊహ. రెండేళ్ళ బతుకులో దాదాపు అంతా మట్టిలో లార్వాగానే గడిచిపోతుంది. ఒంట్లో నీళ్ళు 70 శాతం పోయినా చావదు. 2014లో దీని జన్యుపటం చదివితే 9.9 కోట్ల అక్షరాలే తేలాయి. అప్పటికి తెలిసిన పురుగులన్నిట్లో అదే చిన్నది. తమాషా ఏంటంటే జన్యువుల సంఖ్య పెద్దగా తగ్గలేదు, మధ్యలో ఉండే చెత్త మాత్రం బాగా తగ్గింది. పాత కోడ్ శుభ్రం చేయడానికి ఏళ్ళ తరబడి మీటింగులు పెట్టుకునే మనలాంటివాళ్ళు కాస్త సిగ్గుపడాల్సిన సంగతే!

ఇదంతా ఇప్పుడెందుకంటే... మాది మానుకోట దగ్గర ఊరు (బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది, నోటికి మాత్రం మానుకోటే). మా కాక పత్తి వేస్తాడు. ఫోన్ చేస్తే ప్రతి ఏడాదీ ఒకటే మాట: "పురుగు మందుకు అలవాటు పడ్డది బిడ్డా." జనగామలో అడిగినా, భూపాలపల్లిలో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోవే కదా, కష్టం కూడా ఉమ్మడిదే.

నిజానికి ఏ పురుగూ దేనికీ అలవాటు పడదు. అంటార్కిటికాలో కూడా చలిని చూసి ఏ పురుగూ రెక్కలు విప్పి పక్కన పెట్టలేదు. తట్టుకోలేనివి చచ్చాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెట్టాయి. అంతే. అక్కడ ఆ వడపోత లక్షల ఏళ్ళు సాగింది. మనం పత్తి చేలో అలాంటి ధ్రువప్రాంతాన్నే ఏటా తయారుచేస్తున్నాం, చలికి బదులు విషంతో.

1997-98లో పాత వరంగల్ జిల్లా పత్తి మీద లద్దెపురుగు, శనగపచ్చ పురుగు పడ్డాయి. డబ్బాల కొద్దీ మందు కొట్టినా చావలేదు. ఆ మందే తాగి రైతులు చనిపోయారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, అంటే మొక్కలోనే విషం. 2006లో రెండో విషపు జన్యువు కూడా కలిపారు. కానీ మొదటిదాన్ని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో, గుజరాత్ పొలాలు చూసి, కంపెనీయే ఒప్పుకుంది. 2015 నాటికి అక్కడే రెండోదీ పోయింది. 2017లో మన తెలంగాణ కాయల్లోనూ గులాబీ పురుగు విరగబడింది.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మన ఫీల్డువాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. బీటీ విషం పురుగు పేగులో ఒక ప్రోటీన్‌కి అతుక్కుంటేనే పనిచేస్తుంది. ఆ ప్రోటీన్ కాస్త మారిన పురుగుకి విషం అతకదు. తాళం మారిపోయింది, తాళంచెవి మన చేతిలోనే మిగిలింది! అయితే ఈ గుణం పనిచేయాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. పక్కనే మామూలు పత్తి కొంత ఉంటే అందులో మామూలు పురుగులు బతుకుతాయి, మొండివాటితో జతకడతాయి, పిల్లలు బీటీకి చస్తాయి. అందుకే బీటీ చుట్టూ ఐదు వరసలో, లేదా 20 శాతమో మామూలు పత్తి వేయాలని నిబంధన పెట్టి, ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల వేరే విత్తనం ఇచ్చారు. శనగపచ్చ పురుగైతే కంది, శనగ, టమాటా కూడా తింటుంది కాబట్టి దానికి ఆశ్రయం బయట కూడా ఉంది. గులాబీ పురుగుకి దాదాపు పత్తి తప్ప దిక్కులేదు.

ఆ 120 గ్రాములు ఎవరూ వేయలేదు. "రైతులకి చదువు లేదు, చెప్తే వినరు" అని మన ఆఫీసుల్లో తేల్చేస్తుంటారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మూడెకరాలున్నవాడిని, అందులోనూ కౌలుకి చేసేవాడిని, ఐదో వంతు పురుగుకి పెట్టమంటే ఎలా పెడతాడు? పెట్టిన లాభం ఊరందరిదీ, నష్టం వాడొక్కడిదీ. అందరూ వేస్తేనే పనిచేసే పద్ధతిని ఒక్కొక్కడి మంచితనానికి వదిలేస్తే అది డిజైన్ లోపం, యూజర్ తప్పు కాదు. అమెరికాలో ఇదే పురుగుని 2018లో దేశం నుంచి లేకుండా చేసినట్టు ప్రకటించారు. అక్కడ మామూలు పత్తి నిబంధనను గట్టిగా అమలుచేశారు, తర్వాత విమానాల్లోంచి గొడ్డు రెక్కలపురుగుల్ని వదిలారు. అంటే ఉమ్మడి పనిని ఉమ్మడిగా చేశారు.

మనకి అంత హంగు లేకపోయినా ఒక పని చేతిలో ఉంది. మంచులో బెల్జికా చేసినట్టే గులాబీ పురుగు కూడా గడ్డుకాలంలో నిద్రపోతుంది. మిగిలిపోయిన కాయల్లో, గింజల్లో, జిన్నింగ్ మిల్లుల్లో ముడుచుకుని తిండి లేకుండా నెలలు గడిపేస్తుంది. బోరు నీళ్ళు పెట్టి మార్చి దాకా పత్తిని సాగదీస్తే నిద్రపోవాల్సిన పురుగుకి ఇంకో రెండు తరాల భోజనం పెట్టినట్టే. డిసెంబరు చివరికి పంట ముగించి కట్టె పీకేయమని శాస్త్రవేత్తలు ఎప్పట్నుంచో చెబుతున్నారు. మళ్ళీ అదే చిక్కు: ఒక్కడు పీకితే చాలదు, ఊరంతా పీకాలి.

ఇక్కడ మన పాత్ర ఉంది. ఈ మూడు జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్న మనలో చాలామందికి ఊళ్ళో భూమి కౌలుకిచ్చి ఉంది. సంక్రాంతికల్లా పత్తి కట్టె తీసెయ్యాలని కౌలు మాట్లాడేటప్పుడే చెప్పొచ్చు. చెప్పి ఊరుకుంటే మాత్రం అది ఇంకో ఉచిత సలహా అవుతుంది. ఆఖరి తీతల్లో రైతు పోగొట్టుకునేదాన్ని కౌల్లో తగ్గించాలి. నెలకి మనం సినిమాలకీ, హోటళ్ళకీ పెట్టేదానితో పోలిస్తే అదేమంత పెద్ద మొత్తమూ కాదు.

మూడో జన్యువు వస్తుంది, అంతా బాగవుతుంది అని ఎదురుచూసేవాళ్ళకి ఒకటే మాట. మంచుగడ్డలో బతకడానికే దారి వెతుక్కున్న జాతి అది. దానికి ఇంకో విషం ఒక లెక్కా? మీరేమంటారు?