స్కానరుకి దొరకని జబ్బు

శంషాబాద్ విమానాశ్రయంలో విమానం ఎక్కబోయే ముందు మన సంచీని ఒక యంత్రంలోంచి పంపుతారు. లోపల చిన్న కత్తెర ఉన్నా తెర మీద కనబడిపోతుంది. మనిషి తలను కూడా ఇలాగే యంత్రంలో పెట్టి "ఇదిగో జబ్బు" అని చూపించగలమా? దెబ్బ తగిలి రక్తం గడ్డకడితే చూపించగలం. స్కిజోఫ్రీనియాను మాత్రం చూపించలేం. కనబడదు కాబట్టి అంతా నటన అంటారు కొందరు. గాలి సోకిందంటారు మరికొందరు. రెండు మాటలూ తప్పే. పైగా రెండూ రోగికి చేటు చేసేవే.

ఈ జబ్బు ఎక్కువగా పదిహేను, ముప్ఫై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. గదిలో ఎవరూ ఉండరు, కాని రోగికి మాటలు వినిపిస్తాయి. అది నటన కాదు. ఆ సమయంలో మెదడులో మాటలను వినే భాగాలు పనిచేస్తూ ఉండటం శాస్త్రజ్ఞులు గమనించారు. పక్కింటివాళ్ళు కుట్ర పన్నుతున్నారనీ, టీవీలో తన గురించే చెబుతున్నారనీ రోగి గట్టిగా నమ్ముతాడు. ఎంత నచ్చజెప్పినా ఆ నమ్మకం కదలదు. మాటలకు పొంతన ఉండదు. కొందరు స్నానం మానేస్తారు, స్నేహితులను వదిలేస్తారు, ఏ పని మీదా ఆసక్తి లేక కూర్చుంటారు. ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకం అనుకుంటారు. ఇదీ జబ్బులో భాగమే. సినిమాల్లో చూపించే 'ఒకే మనిషిలో ఇద్దరు' మాత్రం ఈ జబ్బు కాదు!

మరి మెదడులో ఏం జరుగుతుంది? విమానాశ్రయం రాడారునే తీసుకోండి. దానికి విమానాలే కాదు, పక్షులూ, వాన చినుకులూ కూడా తగులుతాయి. అనవసరమైనవాటిని వడకట్టే ఏర్పాటు ఉంటుంది. అది చెడిపోతే ప్రతి కొంగా విమానమే! మన మెదడులో 'ఇది ముఖ్యం, పట్టించుకో' అని చెప్పే పనిలో డోపమిన్ అనే రసాయనానికి పెద్ద పాత్ర ఉంది. కొన్ని చోట్ల అది అతిగా పనిచేస్తే, దారినపోయేవాడి దగ్గు కూడా తనకోసమే చేసిన సైగలా తోస్తుంది. శితిజ్ కపూర్ అనే వైద్యుడు 2003లో ఇలా వివరించాడు. అన్ని లక్షణాలకూ ఇదొక్కటే కారణం కాదనుకోండి.

ఇందులో మన సర్పగంధికీ పాత్ర ఉంది. ఉన్మాదానికి దాని వేరు పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. ఆ వేరులోని రిసర్పిన్ మెదడులో డోపమిన్‌ను తగ్గిస్తుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ 1950లలో కనిపెట్టాడు. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు వాడే మందులు వేరు. చాలావరకు అవి డోపమిన్ సందేశాన్ని అడ్డుకుంటాయి.

జన్యువులకూ సంబంధం ఉంది. అయితే అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. కాబట్టి జన్యువులతోనే కథ అయిపోదు. చిన్న వయసులో గంజాయి అలవాటు ముప్పును పెంచుతుంది. తల్లి పెంపకం వల్ల వస్తుందన్న పాత సిద్ధాంతం తప్పని తేలింది.

యంత్రం చెప్పకపోతే డాక్టరుకు ఎలా తెలుస్తుంది? అడిగి, విని తెలుసుకుంటాడు. లక్షణాలు ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో రోగినీ ఇంట్లోవాళ్ళనూ అడుగుతాడు. మత్తు పదార్థాలు, మూర్ఛ, మెదడు వాపు వంటివి కారణం కాదని పరీక్షలతో నిర్ధారించుకుంటాడు. ఇదీ శాస్త్రమే. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

కాని జనం ఏం చేస్తారు? నెలల తరబడి తాయెత్తులు కడతారు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకుంది. అందులో మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. పారిపోలేక 28 మంది చనిపోయారు. రోగులను గొలుసులతో కట్టరాదని 2017 చట్టం స్పష్టంగా చెప్పింది.

శంషాబాద్ నుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బస్సులో వెళ్ళి రావచ్చు. కాని మన బడుల్లో 'ఎర్రగడ్డ' అన్నది ఒక తిట్టు! ఆ తిట్టు విన్న అన్నయ్య రేపు తనకు మాటలు వినిపిస్తే ఇంట్లో చెబుతాడా? డాక్టరు దగ్గరికి వస్తాడా? అలా ఎవరైనా చెబితే నవ్వకండి. పెద్దవాళ్ళకు చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఫోను 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.