హాలెండ్ వెళ్దామంటే... భీమిలి ఎదురొచ్చింది!

మధురానగర్‌లో ఓ మూడంతస్తుల అపార్ట్‌మెంట్. ఆదివారం పొద్దున్న టిఫిన్లు అయ్యాయి. డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీ గిన్నెలు తీసేసి, ప్రపంచపటం పరిచారు. దసరా సెలవులు అయిపోవచ్చాయి. వచ్చే వేసవికి ఎక్కడికెళ్ళాలో ఆ రోజు తేలిపోవాలి!

'హాలెండ్' అంది తొమ్మిదో తరగతి చదివే పెద్దమ్మాయి. 2005లో వచ్చిన 'అపరిచితుడు' టీవీలో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు చూసిందా పిల్ల. అందులో తులిప్ తోటల మధ్య తీసిన పాట నెదర్లాండ్స్‌దే అని తెలిసినప్పట్నుంచీ ఒకటే పట్టు. అయిదో తరగతి తమ్ముడికి పూలతో పనిలేదు. వాడికి సముద్రం కావాలి. 'అయితే అక్కడే సముద్రం ఒడ్డున ఊరేదైనా చూడు నాన్నా' అన్నాడు.

నాన్న ఫిల్మ్‌నగర్‌లో సినిమా ఎడిటింగ్ విభాగంలో పనిచేస్తాడు. విదేశాల్లో తీసిన పాటలెన్నిటినో తెరమీద కత్తిరించి అతికించాడు గానీ, ఒక్కసారీ విమానం ఎక్కింది లేదు. ఆయనకీ మనసులో ఆశ ఉంది. అమ్మ ఏమీ అనకుండా కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చుంది.

నాయనమ్మ బాల్కనీ గుమ్మం దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమెనెవరూ ఏమీ అడగలేదు.

పూలా... నీళ్ళా?

హాలెండులో సముద్రపు ఊళ్ళకు కొదవలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైలెక్కితే అరగంటలో జాండ్‌వోర్ట్. 'జాండ్' అంటే ఇసుక. ఊరి పేరులోనే ఇసుకుందన్నమాట. ద హేగ్ నగరంలో ట్రామ్ ఎక్కితే నేరుగా స్కెవెనింగెన్ తీరంలో దిగొచ్చు. ఇక్కడిదాకా అందరికీ హుషారుగానే ఉంది.

చిక్కు తర్వాత వచ్చింది. తులిప్‌లు పూసేది మార్చి చివర్నుంచి మే మధ్యదాకా. ఏప్రిల్లో వెళ్తే పూలు నిండుగా ఉంటాయి. కానీ అప్పుడు పిల్లలకు పరీక్షల హడావుడి. మే నెలాఖరుకి వెళ్తే తోటల్లో పూలుండవు. పోనీ సముద్రమైనా దక్కుతుందా అంటే, మేలో ఆ ఉత్తర సముద్రపు నీళ్ళు 12 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసా కాసేపు బయటపెడితే ఎలా ఉంటుందో అలా! అక్కడివాళ్ళు హాయిగా ఈతకు దిగేది జూలై, ఆగస్టుల్లో. అప్పటికి మన బడులు తెరిచేస్తారు. అక్కకు పూలు, తమ్ముడికి నీళ్ళు... రెండూ ఒకే ప్రయాణంలో కుదరవని తేలిపోయింది.

ఇక అమ్మ కాగితం చూస్తే, షెంజెన్ వీసాకు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు 45. పన్నెండు దాటితే పెద్దవాళ్ళ కిందే లెక్క. అంటే అమ్మాయిక్కూడా పూర్తి రుసుమే. నలుగురికీ కలిపి 315 యూరోలు. యూరో వంద రూపాయలనుకున్నా ముప్పై వేలు దాటింది. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. దీనికితోడు 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు. దరఖాస్తు ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. పదిహేను రోజుల ముందైనా పెట్టి తీరాలి. సినిమా విడుదల తేదీ ఎప్పుడు మారుతుందో తెలియని నాన్నకు ఆర్నెల్ల ముందే సెలవు ఖాయం చేయమంటే ఎలా?

'సరే, అవన్నీ చూసుకోవచ్చు. మరి అత్తయ్య?' అంది అమ్మ గొంతు తగ్గించి.

'అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా. అంత దూరం, ఆ చలి... ఎక్కడ తిరగగలదు? ఆ రెండు వారాలూ చెల్లి దగ్గర దింపేద్దాం' అన్నాడు నాన్న, అంతకంటే తగ్గించి.

బాల్కనీలో చిక్కుడుకాయ విరిచే చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

పటంలో దొరికిన ఊరు

ఈ గొడవంతా ఓ పక్క నడుస్తుంటే, పెద్దమ్మాయి డచ్చివాళ్ళ గురించి ఎక్కడో చదివానంటూ చరిత్ర పుస్తకం తెచ్చుకుంది. వేలు పెట్టి పైకి చదవడం మొదలెట్టింది. 'డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. కోరమాండల్ తీరంలో వారి స్థావరాలు పులికాట్, మచిలీపట్నం, భీమునిపట్నం...'

'ఏటే అమ్మడూ, ఏ పట్నం అన్నావ్?' బాల్కనీలోంచి నాయనమ్మ.

'భీమునిపట్నం నాయనమ్మా.'

'భీవిలా? అది మా ఊరే కదే!'

ఇంట్లో అందరికీ నాయనమ్మది విశాఖపట్నం వైపని తెలుసు. పిల్లలకు అంతకుమించి తెలియదు. తమ్ముడు వాళ్ళు ఇల్లమ్మేశాక ఆమె ఆ ఊరు వెళ్ళి పన్నెండేళ్ళయింది. 'మీ ఊళ్ళో డచ్చివాళ్ళుండేవారా?' అని మనవడు నోరు తెరిచాడు. 'వోళ్ళని నానెక్కడ సూసేను గానీ, వోళ్ళ గోరీలు సూసేన్రా. దొరల గోరీలనేవోళ్ళం. పగటేల కూడా అటేపు ఎల్లాలంటే బయం' అంది నాయనమ్మ.

ఆ మాటతో ప్రపంచపటం పక్కకెళ్ళింది. చిక్కుడుకాయల పళ్ళెం టేబుల్ మీదికొచ్చింది.

గుడ్డ కోసం వచ్చినవాళ్ళు

డచ్చివాళ్ళు మన తీరానికి ఎందుకొచ్చారు? లవంగాలు, జాజికాయలు కొనాలంటే ఇండోనేషియా దీవుల్లో వెండి నాణేలకన్నా మన గుడ్డలకే గిరాకీ ఎక్కువ. అందుకని ముందు ఇక్కడ వస్త్రాలు కొని, వాటిని అక్కడిచ్చి సుగంధ ద్రవ్యాలు తీసుకునేవారు. 17వ శతాబ్దం మొదట్లోనే గోల్కొండ సుల్తానుల ఓడరేవైన బందరులో దిగారు. ఆ గుర్తులు ఊరి పేటల పేర్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఒలందులంటే హాలెండువాళ్ళు. వాళ్ళున్న చోటు వలందపాలెం, ఇంగ్లీషువాళ్ళది ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ళది పరాసుపేట.

మన అద్దకపు గుడ్డలు యూరప్‌దాకా వెళ్ళాయి. హాలెండు ఉత్తరాన హిండెలోపెన్ అనే చిన్న ఊరుంది. 1932లో పెద్ద అడ్డుకట్ట కట్టాక దాని ముందున్న సముద్రం సరస్సుగా మారింది గానీ, అంతకుముందు అదీ సముద్రపు ఊరే. అక్కడి ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో భారతదేశపు పూల అద్దకం గుడ్డలకు ప్రత్యేక స్థానం. వాటిని డచ్చి భాషలో 'సిట్స్' అంటారు. మన కలంకారీకి అవి దగ్గరి చుట్టాలన్నమాట!

'అయితే వాళ్ళు మంచివాళ్ళే కదా?' అన్నాడు మనవడు. పుస్తకంలో తర్వాతి పేజీ అంత తేలిగ్గా లేదు. అదే కంపెనీ 17వ శతాబ్దంలో కరువొచ్చినప్పుడు ఈ తీరం నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా కొని బటావియాకు, సింహళానికి తరలించింది. పొట్ట గడవక పిల్లల్ని అమ్ముకున్న తల్లిదండ్రులుండేవారు. టేబుల్ చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

భీమిలిలో డచ్చివాళ్ళ స్థావరం 17వ శతాబ్దంలో వెలిసింది. 1824లో లండన్‌లో ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం కుదిరాక, 1825లో ఊరు వాళ్ళ చేతికెళ్ళింది. వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి ఇల్లు చేరనేలేదు. శిఖరాల్లాంటి కట్టడాల కింద, డచ్చి అక్షరాలు చెక్కిన రాళ్ళ కింద, 17, 18 శతాబ్దాల్లో పోయినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. నాయనమ్మ చిన్నప్పుడు భయపడింది వాళ్ళకే.

నాలుగు రోజుల ప్లాను

విశాఖ నుంచి బీచ్ రోడ్డులో పాతిక కిలోమీటర్ల దూరంలో భీమిలి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. తర్వాత విశాఖ మహానగరంలో కలిసిపోయింది. ఒకప్పుడు ఇక్కణ్నుంచి ఓడలెక్కిన గోగునారకు విదేశీ మార్కెట్లో 'బిమ్లీ జూట్' అనే పేరు. మనం పచ్చడి చేసుకునే గోంగూర కుటుంబమే అది!

అమ్మ కాగితం తిరగేసి రెండో వైపు మొదలెట్టింది. వేసవిలో ఆ తీరంలో ఎండ, ఉక్కపోత భరించలేం. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. అందుకని సంక్రాంతి సెలవులు ఖాయం చేశారు. పండగ సినిమా చేతిలోంచి వెళ్ళిపోయాక నాన్నకూ కాస్త తెరిపి. రైలు టిక్కెట్ల ముందస్తు గడువు 2024 నవంబరు నుంచి అరవై రోజులే. పండగ రోజులు కాబట్టి నవంబరులో బుకింగ్ తెరిచిన పొద్దున్నే కూర్చోవాలి. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. నాయనమ్మకు కింది బెర్తు.

మొదటిరోజు విశ్రాంతి, సాయంత్రం సముద్రం. రెండోరోజు ఎండెక్కకముందే డచ్చి సమాధులు, ఆ తర్వాత పాత లైట్‌హౌస్, 19వ శతాబ్దపు సెయింట్ పీటర్స్ చర్చి, గడియారస్తంభం. మూడోరోజు దారిలో తొట్లకొండ. 1988 నుంచి 93 దాకా జరిగిన తవ్వకాల్లో ఇక్కడ బౌద్ధ విహారం బయటపడింది. కొండరాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే ఆ పేరు. భీమిలిలో పావురాలకొండ ఎక్కాలంటే మాత్రం ఓపిక కావాలి. అది పిల్లలకూ నాన్నకూ.

ఎర్రమట్టి దిబ్బల కోసం ఒక పూట విడిగా పెట్టారు. వేల ఏళ్ళ పాటు గాలి, నీరు, సముద్రపు హెచ్చుతగ్గులు కలిసి పేర్చిన ఇసుక దిబ్బలివి. ఇనుము తుప్పు పట్టినట్టు అయిన ఖనిజం వల్ల ఆ ఎరుపు. 2014లో జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. హాలెండు నేలలో దాదాపు నాలుగోవంతు సముద్రమట్టం కన్నా కిందే ఉంది. అందుకే అక్కడివాళ్ళు తీరంలోని ఇసుకదిబ్బల్ని ఇంటి గోడల్లా కాపాడుకుంటారు. ఎక్కడపడితే అక్కడ తొక్కనివ్వరు. మన దిబ్బల దగ్గర మనమూ అంతే జాగ్రత్తగా నడవాలిగా!

నాయనమ్మ తన వంతుగా ఒకే ఒక్క షరతు పెట్టింది. 'గోస్తనీ కలిసే కాడ గుంటల్ని నీళ్ళల్లోకి దిగనివ్వొద్దు. పైకి సల్లగా కనిపిస్తాది. కాళ్ళ కింద ఇసకని లాగేస్తాది.' ఏ గైడు పుస్తకమైనా మొదటి పేజీలో వేసుకోవలసిన మాట. స్థానికుల్ని అడగకుండా నీళ్ళలోకి దిగకపోవడం ఏ తీరంలోనైనా మంచిదే.

మధ్యాహ్నానికి ప్లాను పూర్తయింది. పెద్దమ్మాయి ముఖం మాత్రం కాస్త చిన్నబోయింది. తులిప్‌లు లేవు కదా మరి! అది చూసి అమ్మ కాగితం మీద అడుగున ఇంకో గీత గీసింది. 'హాలెండు - తర్వాత, డబ్బు కూడాక' అని రాసింది. దాని కింద మళ్ళీ నాలుగు పేర్లు.

నాయనమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితం చదివింది. ఒకటికి రెండుసార్లు చదివింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

'ఏరా, పాస్‌పోర్టుకి ఫొటో ఎక్కడ దిగాలి?'

'నీకెందుకమ్మా... అంత చలిలో...'

'వోళ్ళు అంత దూరం నుంచి మా ఊరొచ్చి, మట్టైపోయి ఉన్నారు కదా. మనం ఒక్కపాలి వోళ్ళ ఊరెల్లి సూసి రావద్దూ? మోకాళ్ళ మాటంటావా... కూకున్నా నొప్పే, నడిసినా నొప్పే.'

నాన్నకు ఏం చెప్పాలో తోచలేదు. ఇన్నాళ్ళూ అమ్మ రాలేదనుకున్నాడే గానీ, వస్తావా అని ఒక్కసారీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దమ్మాయి మాత్రం ఆలస్యం చేయలేదు. అమ్మ చేతిలో పెన్ను లాక్కుని, నాలుగు పేర్లకు పైన అయిదో పేరు రాసేసింది.

అమ్మ లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. వీసాలకు ఇప్పుడు 405 యూరోలు!