అద్దె ఇంటి చిరునామా

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినది. కొన్నేళ్లకు మేమును ఒక ప్రైవేటు సంస్థ నుండి డయలప్ కనెక్షను తీసుకొంటిమి. దానితోపాటు ఒక ఈమెయిలు చిరునామా లభించినది. మేము ప్రాజెక్టు స్థలములో ఉండగా, పదవీ విరమణానంతరము కంప్యూటరు నేర్చుకున్న మా నాన్నగారు ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు ఉత్తరాలు వ్రాసినది ఆ చిరునామాకే.

కనెక్షను ఎన్నడో మానివేసితిమి. నిరుడు నాన్నగారి ఆబ్దికము నాడు ఆ ఉత్తరాలు చూడబోగా ఖాతా తెరుచుకొనలేదు. సంస్థ ఆ సేవనే నిలిపివేసినదట. పాస్‌వర్డు మాకు జ్ఞాపకమే. తాళంచెవి ఉన్నది, ఇల్లే లేదు!

ఈమెయిలు చిరునామాలో ‘ఎట్’ గుర్తుకు కుడివైపు భాగము, అనగా డొమైను, సంస్థ సొత్తు. ఎడమవైపు పేరు మాత్రమే మనది. సంస్థ మారినను మొబైలు నంబరును నిలుపుకొనే సౌకర్యము 2011 జనవరి నుండి దేశమంతటా ఉన్నది. ఈమెయిలుకు అది లేదు.

అదృష్టవశాత్తు ఆ రోజులలో ‘పాప్’ పద్ధతిన ఉత్తరాలు మన కంప్యూటరులోనికే దిగెడివి. అటకపైనున్న పాత హార్డుడిస్కులో పదకొండు ఉత్తరాలు దొరికినవి. మిగిలినవి పోయినట్లే.

కావున పాఠక మిత్రులకు మా మనవి: బ్యాంకు, భవిష్యనిధి ఖాతాలలో పాత చిరునామా ఉన్నచో, అది పనిచేయుచుండగానే మార్చుకొనండి. పాస్‌వర్డు మరచినపుడు వచ్చే లింకు ఆ చిరునామాకే పోవును. ఆత్మీయుల ఉత్తరాలను రెండు చోట్ల భద్రపరచండి. ఈ ఆదివారమే ఆ పని చేయండి.