నెల రోజుల సేవ, పన్నెండేళ్ల పరిచయం

స్వల్పకాలిక మిషన్, అంటే సంఘ విశ్వాసులు సెలవు పెట్టి నెల రోజుల వంటి కొద్దికాలం పరదేశంలో చేసే సువార్త సేవ, ఆతిథ్యమిచ్చిన ఊరికంటే వెళ్లినవారికే ఎక్కువ నేర్పుతుంది. ఊరిలో మార్పుకు మాత్రం ఏళ్ల పరిచయం కావాలి: 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ, 1876–78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకం గుత్తకు తీసుకొని పేదలకు కూలి కల్పించినప్పుడు, తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా బాప్తిస్మాలను, అంటే నీట ముంచి సంఘంలో చేర్చుకునే సంస్కారాన్ని, నిలిపివేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం వెనుక ఆ నిగ్రహమూ, పన్నెండేళ్ల పరిచయమూ ఉన్నాయి. తరువాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీలను కోరింది స్నేహాన్నే కనుక, నెల రోజుల యాత్రను ఫలితంగా లెక్కగట్టక, భాష నేర్చుకొని మళ్లీ వెళ్లడానికి తొలిమెట్టుగా భావించడమే సబబు.