ముందు నిలబడే చోటు, ఆ తరువాతే లెన్సు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రెండింటి సరసన "పెళ్ళికి ఫోటోలు తీసి చూడు" అన్న మూడవ మాటను కూడా చేర్చవలసిన రోజులివి. కట్టిన గోడ వంకరైతే పడగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. మాంగల్యధారణ మళ్ళీ జరగదు. నికాహ్ వేళ పలికిన ‘ఖుబూల్’ ఫోటోగ్రాఫరు కోసం మళ్ళీ పలుకరు. ఆ క్షణాన్ని అందుకోలేనివానికి రెండవ అవకాశం లేదు.

మన కళాశాలలో చదువు ఖర్చుల నిమిత్తం పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే విద్యార్థులు కొందరున్నారు. వారిలో నేనొకడిని. రెండేళ్ళుగా ఒక స్టూడియోలో సహాయకుడిగా పనిచేస్తూ, ఒకనాడు కల్యాణమండపంలో తలంబ్రాలు, మరునాడు షాదీఖానాలో నికాహ్ చూస్తూ వచ్చాను. గత మాసంలో నా సహాధ్యాయి ఒకడు నన్నొక ప్రశ్న అడిగాడు: "వచ్చే ముహూర్తాలలోగా అప్పు చేసి అయినా 24–70 లెన్సు కొనాలనుకుంటున్నాను. అది లేనిదే మనలను ఫోటోగ్రాఫరుగా ఎవరూ లెక్కచేయరట. నీవేమంటావు?" అతని తండ్రి కుట్టుమిషను మీద ఇల్లు నడుపుతున్న దర్జీ. ఆ లెన్సు ధర ఆయన ఏడాది సంపాదనకు ఎంతో దూరంలో లేదు. అందుచేత వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఈ వ్యాసమే నా బదులు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెళ్ళి ఫోటోల కొరకు లెన్సును ఎంచుకొనేవాడు మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఏది గొప్పది?" అన్నది కాదు. "నేను ఎక్కడ నిలబడగలను? అక్కడ వెలుగెంత?" అన్న రెండు ప్రశ్నలే. ఈ రెండింటికీ సమాధానం దొరికితే, కొనవలసిన లెన్సు ఏదో దానంతట అదే తేలుతుంది.

మొదటిది దూరానికి సంబంధించిన ప్రశ్న. లెన్సు మీద మిల్లీమీటర్లలో కనిపించే అంకె దాని నాభ్యంతరం. 1925లో లైప్‌జిగ్ నగరపు వసంతకాల ప్రదర్శనలో వెలుగు చూసిన లైకా కెమెరాకు 50 మి.మీ. లెన్సు అమర్చారు. దాని ఫిల్ము చట్రం 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. నేటి ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరాల సెన్సారు కూడా ఆ కొలతలోనే ఉంటుంది. అటువంటి కెమెరాకు 50 మి.మీ. లెన్సు తగిలించి మూడు మీటర్ల దూరం నుండి తీస్తే, సుమారు 2 మీటర్ల 15 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మలో పడుతుంది. వధూవరులిద్దరూ నిండుగా ఇముడుతారు. కాని విద్యార్థులు కొనగలిగిన కెమెరాలలో ఎక్కువవాటికి సెన్సారు వెడల్పు సుమారు 24 మి.మీ. మాత్రమే. లెన్సు అదే, దూరం అదే. పడే వెడల్పు మాత్రం 1 మీటరు 40 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. వధువు భుజమో, వరుని తలపాగా అంచో తెగిపోతుంది. ఆ కెమెరాకు 35 మి.మీ. లెన్సు తగినది, దానితో రెండు మీటర్ల వెడల్పు దొరుకుతుంది. మూడు మీటర్లనే లెక్కకు ఎందుకు తీసుకున్నానంటే, పురోహితుడు, హోమగుండం, వీడియో తీసేవారు, అక్షతలతో ముందుకు వచ్చే బంధువులు – వీరందరి నడుమ నాకు తరచుగా దొరికిన చోటు అంతే. మీకు దొరికే చోటు వేరు కావచ్చు. కనుక పెళ్ళికి ముందురోజే మండపానికి వెళ్ళి, అడుగులతో కొలిచి రండి. ఆ కొలత చేతిలో లేకుండా దుకాణం మెట్లు ఎక్కకండి.

చోటు చాలకపోతే ఎక్కువ వెడల్పును చూపే లెన్సు వాడవచ్చు కదా అని అడగవచ్చు. వాడవచ్చు, కాని దానికి మూల్యం ఉంది. ముఖానికి మరీ దగ్గరగా వెళ్ళి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనుకకు పోతాయి. అది లెన్సు దోషం కాదు, దగ్గరితనపు దోషం. ఇక సామూహిక చిత్రంలో అంచున నిలబడినవారు పక్కకు సాగిపోయి కనిపిస్తారు. మేనమామగారిని అంచున నిలబెట్టి అట్లా తీసిన ఫోటో చూసి ఆయన నాతో మాట్లాడటం మానివేశారని చెబితే నవ్వకండి!

దూరం విషయంలో భౌతికశాస్త్రం తరగతిలో విన్న పాఠం ఒకటి నాకు షాదీఖానాలో అక్కరకు వచ్చింది. నికాహ్ అనంతరం కొన్ని కుటుంబాలలో ఆర్సీ ముస్‌హఫ్ వేడుక జరుపుతారు. వధూవరులు అద్దంలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మొదటిసారి నేను అద్దపు చట్రం మీద ఫోకస్ చేశాను. చట్రం మీది చెక్కడం స్పష్టంగా వచ్చింది, వధువు ముఖం మసకబారింది. ప్రతిబింబం అద్దం మీద ఉండదు. కెమెరా నుండి అద్దానికీ, అద్దం నుండి ముఖానికీ ఉన్న దూరాలను కలిపితే వచ్చే దూరాన ఉంటుంది. ఈ సత్యం తెలియనివానికి ఎంత విలువైన లెన్సు ఇచ్చి ఏమి ప్రయోజనం?

రెండవ ప్రశ్న వెలుగు. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణితవేత్త ముఖచిత్రాల కొరకు ఒక లెన్సును రూపొందించారు. అంతవరకు నిమిషాల తరబడి కదలక కూర్చోవలసి వచ్చిన మనుషులకు దానివలన ఆ శిక్ష తప్పింది. వెలుగును లోనికి విడిచే ద్వారం పెద్దది కావటమే దాని రహస్యం. నేడు ఆ ద్వారాన్ని 1.4, 2, 2.8, 4, 5.6 అనే అంకెలతో సూచిస్తారు. అంకె చిన్నదైతే ద్వారం పెద్దది. ఈ వరుసలో ఒక మెట్టు దిగినప్పుడల్లా వెలుగు సగమవుతుంది. కెమెరాతోపాటు వచ్చే మామూలు జూమ్ లెన్సు దూరపు కొసలో సాధారణంగా 5.6 వద్ద ఆగిపోతుంది. 1.8 అంకె గల చిన్న లెన్సు దానికంటె తొమ్మిది రెట్లకు పైగా వెలుగును లోనికి రానిస్తుంది. అర్ధరాత్రి ముహూర్తంలో ఈ తేడా బొమ్మ ఉండటానికీ, లేకపోవటానికీ ఉన్నంత తేడా. ఫ్లాషు ఉన్నది కదా అనుకోవద్దు. దూరం రెండింతలైతే దాని వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది. పైగా అప్పగింతల వేళ కన్నీరు నిండిన తల్లి కళ్ళలోకి దానిని పేల్చడం నాకు సమ్మతం కాదు.

అయితే ద్వారం తెరిచినకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 85 మి.మీ. లెన్సును 1.4 వద్ద ఉంచి రెండు మీటర్ల దూరం నుండి తీస్తే, ఆ లోతు అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. సెహ్రా పూలదండలు స్పష్టంగా వచ్చి, వాటి వెనుకనున్న వరుని కళ్ళు అస్పష్టమవుతాయి. కనుక ఇద్దరి ముఖాలు కావలసినచోట 2.8కో, 4కో ద్వారాన్ని మూయాలి. 1.8 అన్నది ఆపద్ధనం వంటిది; ఉండాలి, అస్తమానం ఖర్చుపెట్టరాదు.

నా మాటకు ఎదురు చెప్పేవారున్నారు. పెళ్ళి సందడిలో లెన్సులు మార్చే తీరిక ఎక్కడిది, 24–70 ఒక్కటే అన్ని పనులూ చేస్తుంది కదా అని వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. అనుభవజ్ఞులు దానిని మోస్తున్నది ఊరికే కాదు. కాని దానిని కొనటం వేరు, ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోవటం వేరు. 1.8 ద్వారం గల 35 లేక 50 మి.మీ. చిన్న లెన్సు ధర సాధారణంగా ఆ పెద్ద లెన్సు ధరలో చిన్న భాగమే. అది జూమ్ కాదు కనుక, దగ్గరకు రావాలంటే మనమే నడవాలి. ఆ నడకే మనకు ఎక్కడ నిలబడాలో నేర్పుతుంది. రెండు పెళ్ళిళ్ళ కాలాలు గడిచిన పిమ్మట, సంపాదించిన డబ్బుతో పెద్దది కొనుక్కుంటే ఎవరు కాదంటారు?

ఇక నేను చేసిన ఒక తప్పును ఇక్కడ ఒప్పుకోవాలి. ఒక మిత్రుని సోదరి వివాహానికి 70–200 లెన్సును అద్దెకు తెచ్చాను. నాకు చోటిచ్చినది పురుషుల వైపు. మేడమీది వరండాలో నిలబడితే, పరదా మీదుగా లోపలి ఆవరణ కనిపించింది. వధువు తన స్నేహితురాండ్ర మధ్య మనసారా నవ్వుతోంది. తీశాను. ఆనాడు తీసిన వాటిలో అంత చక్కని బొమ్మ మరొకటి లేదు. గర్వంగా మిత్రుని తల్లిగారికి చూపాను. ఆమె చాలాసేపు చూశారు. కోపగించుకోలేదు. "బేటా, ఫోటో చాలా బాగుంది. కాని నువ్వు అక్కడ లేవు కదా?" అన్నారు. ఆ బొమ్మను ఆమె ఎదుటనే చెరిపివేశాను. ఆనాటి నుండి దూరం అంటే మీటర్లు మాత్రమే కాదని నాకు తెలిసింది. పిలిచినంత దూరమే మనం చూడదగిన దూరం. పరదాకు మాత్రమే కాదు, పెళ్ళికూతురిని ముస్తాబు చేసే ఏ ఇంటి గది గడపకైనా ఈ నియమం వర్తిస్తుంది.

ఈ చిక్కును మన హైదరాబాదు ఏనాడో ఎదుర్కొంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఘోషా స్త్రీల ఫోటోల కొరకు మరింత పొడవైన లెన్సును వెదకలేదు. 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియోను నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. లోనికి వెళ్ళదగిన మనిషి చేతికి కెమెరాను ఇవ్వటమే దానికి మార్గమని ఆయన గ్రహించారు. తరువాతి కాలంలో మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరుగా పేరొందిన హోమాయి వ్యారావాలా (1913–2012) 2011లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్నారు. మరి మన కళాశాలలో కెమెరా పట్టిన సోదరీమణులు ఎందరు? నేను నిలబడలేని చోట వారు సగౌరవంగా నిలబడగలరు. నా 200 మి.మీ. లెన్సు చేయలేని పనిని వారి చేతిలోని 35 మి.మీ. లెన్సు చేస్తుంది.

కావున నాదొక మనవి. గ్రంథాలయంలో ఖరీదైన పుస్తకాలను అందరి కోసం ఉంచినట్లే, కళాశాల ఒక కెమెరానూ, 35, 50, 85 మి.మీ. లెన్సులు మూడింటినీ సమకూర్చి విద్యార్థినీ విద్యార్థులకు వంతులవారీగా ఎరువు ఇచ్చే ఏర్పాటు చేయాలి. కొనకముందే వాడి చూచే వీలు కలిగితే, ఏ దర్జీ కొడుకూ ఒక అంకెను చూసి అప్పులపాలు కాడు.

మిత్రమా, నీ ప్రశ్నకు నా సమాధానం ఇది. అప్పు చేయకు. నీది చిన్న సెన్సారు గల కెమెరా గనుక 35 మి.మీ. చిన్న లెన్సు కొను. పెళ్ళివారి ఇంటికి ముందురోజే వెళ్ళు. ఎక్కడ నిలబడవచ్చునో పెద్దలను అడుగు. వారు చూపిన చోటు నుండి కనిపించేది చాలు; ఆ ఇంటివారు కలకాలం దాచుకొనే బొమ్మ అక్కడి నుండే వస్తుంది.