బొగ్గు పోయింది, పైమన్నయినా దక్కేనా?

గోదావరిఖని: బొగ్గు తీసిన తరువాత మిగిలిన భూమి ఎవరికి, ఏ పనికి అన్న ప్రశ్న బొగ్గుబాయిల చుట్టూ ఉన్న పల్లెలను చాలాకాలంగా వేధిస్తున్నది. ఇల్లందు వద్ద 1889లో తవ్వకం మొదలైనది లగాయతు ఎన్నో ఏళ్లు బాయి అంటే భూమి లోపలి పనే. పైన చెలక చెలకగానే ఉండేది. నేల కుంగి పగుళ్లు పడిన చోట్ల సంగతి వేరు. 1975లో రామగుండంలో సింగరేణి మొదటి ఓపెన్‌కాస్టు వచ్చిన తరువాత లెక్క మారిపోయింది. బొగ్గు కోసం ఊరి భూమినే ఒలిచి పక్కన పోయవలసి వచ్చింది.

2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. అందులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. టన్ను బొగ్గుకు సుమారు ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి ఎత్తిపోయాలి. మొత్తం ఎంతయిందో రైతులే గుణించుకోవచ్చు.

గుట్టలు ఎందుకు మిగిలాయని అధికారులను నిలదీసి లాభం లేదు. తవ్విన మట్టి గుల్లబారి ఉబ్బుతుందని, తీసినదంతా మళ్లీ అదే గోతిలో పట్టదని వ్యవసాయ బావి తవ్వించిన ప్రతివారికీ తెలుసు. తవ్వకం ముందుకు సాగేకొద్దీ వెనుక గుంతను పూడ్చుకుంటూ పోతారు. ఆఖరి గుంత మాత్రం నోరు తెరుచుకుని ఉండిపోతుంది. దాన్ని పూడ్చాలంటే మొదట పోసిన గుట్టను మళ్లీ దింపాలి. అంత ఖర్చుకు ఎవరూ సిద్ధపడరు.

నిలదీయవలసినది పైమన్ను గురించి. వందల ఏళ్ల ఆకు, పేడ, ఎండ, వాన కలిసి తయారైన ఆ మన్ను మూరెడు లోతుకు మించి ఉండదు. దానిని ముందుగా గీకి తీసి, వేరుగా పోసి, పూడ్చిన నేల మీద తిరిగి పరచాలన్నది నియమం. అది అడుగు రాళ్లతో కలిసిపోయిందా, మరి ఎన్ని మొక్కలు నాటినా ప్రయోజనం తక్కువ. విడిగా తీసినా ఏళ్ల తరబడి కుప్పగా ఉంచితే సత్తువ పోతుంది. గుట్టను మెట్లుమెట్లుగా చెక్కి, చుట్టూ కాలువ తీసి, ముందు గడ్డి పట్టించాలి. లేకుంటే ఒక్క పెద్దవానకు ఆ మట్టి దిగువ పొలాల్లో, ఒర్రెల్లో మేట వేస్తుంది.

మొక్కల పండుగలకు మాత్రం కొదువ లేదు. దూరం నుంచి చూస్తే గుట్టలు పచ్చగానే కనిపిస్తాయి. అయితే ఆ పచ్చదనంలో పశువు తినేది ఎంత? నీలగిరి ఆకును మేక కూడా ముట్టదు. గని మూసిన తరువాత ఆ భూమిలో పశువుల మేతకు గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసునన్నది సందేహమే.

డబ్బు లేదనడానికి వీలులేదు. గని మూసివేత ఖర్చు కోసం ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన, ఏటా కొంత చొప్పున బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో జమ చేయాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే నిర్ణయించింది. తరువాత ఆ నిబంధనలను సవరించారు కూడా. జరిగిన పనిని బట్టి అందులోంచి సొమ్ము విడుదల చేస్తారు. అయితే పని జరిగిందో లేదో చెప్పేవారిలో ఆ ఊరి రైతు లేడు.

భూమి తిరిగి వస్తుందన్న ఆశ కూడా పెద్దగా పెట్టుకోనక్కరలేదు. బొగ్గు భూముల సేకరణకు 1957లో చేసిన చట్టం కింద తీసుకున్న భూమిపై హక్కు రైతుకు మిగలదు. తవ్వకం అయిపోయిన అటువంటి భూములను వేటికి వాడవచ్చో కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదించిన విధానం చెబుతున్నది. సౌర విద్యుత్తు, బొగ్గు కడిగే కేంద్రాలు, రైల్వే సైడింగులు, నిర్వాసితుల పునరావాసం వంటివి అందులో ఉన్నాయి. యాజమాన్యం మాత్రం ప్రభుత్వ సంస్థదే. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో నీటిని నిలిపి 500 మెగావాట్ల విద్యుత్తు తయారు చేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. మంచిదే, కరెంటు అందరికీ కావాలి. కాని ఆ గుంత చుట్టూ పశువులు కాసుకునేవారి మాట ఆ కాగితాల్లో ఎక్కడ ఉన్నట్టు?

పట్టా తిరిగి రాకపోయినా అనుభవం ఇవ్వవచ్చు. పూడ్చి చదును చేసిన నేలను, మట్టి పరీక్ష చేయించి, భూమి పోయిన కుటుంబాలకు పశుగ్రాసం కోసమో పండ్ల తోటల కోసమో కౌలు లేకుండా అప్పగించడం అసాధ్యమేమీ కాదు. నీరు నిలిచిన గుంతల్లో, నీటిని పరీక్షించిన తరువాత, చేపల పెంపకం హక్కు స్థానిక మత్స్యకార సంఘాలకే ఇవ్వాలి. అంతకంటే ముందు గుంతల అంచున గట్టి కంచె వేయాలి. ప్రతి గని మూసివేత ప్రణాళికను తెలుగులో రాయించి గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. పైమన్ను ఎన్ని ఘనపు మీటర్లు తీశారో, ఎక్కడ పోశారో, ఎప్పుడు పరుస్తారో అందులో ఉండాలి. వచ్చే గ్రామసభలో సర్పంచులు అధికారులను మొట్టమొదట అడగవలసినది ఈ కాగితమే.